లేన్‌దేన్‌లో తెలిసే దీన్

ఒకాయన సాక్ష్యం చెప్పడానికి రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ ముందుకు వచ్చాడు. నువ్వెవరో నాకు తెలియదు, తెలిసినవాళ్ళను తీసుకురమ్మన్నారు ఉమర్. ఒక పెద్దమనిషి లేచి, నాకు తెలుసు, మంచివాడని చెప్పాడు. ఉమర్ ఆయన్ని మూడు ప్రశ్నలడిగారు. అతను నీ ఇంటి పక్కవాడా? అతనితో ఎప్పుడైనా డబ్బు లావాదేవీ చేశావా? కలిసి ప్రయాణం చేశావా? మూడింటికీ లేదనే జవాబు. అయితే అతను నీకు తెలియదన్నమాటే అని తేల్చేశారు ఖలీఫా.

ఈ ఉదంతం పదకొండో శతాబ్దపు హదీస్ పండితుడు ఇమామ్ బైహఖీ గ్రంథం ‘అల్ సునన్ అల్ కుబ్రా’లో ఉంది. ఆ గ్రంథాన్ని పది సంపుటాలుగా అచ్చువేసి అరబ్బు దేశాలకు సైతం అందించింది మన దాయిరతుల్ మఆరిఫ్. 1888లో హైదరాబాద్‌లో మొదలైన ఆ సంస్థ ఇప్పుడు తార్నాక పక్కనే, ఉస్మానియా క్యాంపస్‌లో ఉంది.

ఈ రోజుల్లో ఇల్మ్‌కు, అంటే జ్ఞానానికి, కొరత లేదు. ఖురాన్‌కు తెలుగు అనువాదాలు ఎన్నో ఉన్నాయి. శుక్రవారం బయాన్ (ధార్మిక ప్రసంగం) ఫోన్‌లోనే వినొచ్చు. క్యాంపస్‌లో అరబిక్ విభాగం ఉంది, ఇస్లామిక్ స్టడీస్ విభాగం ఉంది. కొరతంతా అమల్‌లోనే, అంటే ఆచరణలోనే. నమాజుకు వరసలో భుజం భుజం కలిపి నిలబడే మనిషే, చెల్లెలికి తండ్రి ఆస్తిలో రావలసిన వాటాను నలుగురి ముందు ‘మాఫ్’ చేయించుకుంటాడు. ఆ వాటా ఖురాన్‌లోని నిసా సూరా (అధ్యాయం)లో స్పష్టంగా ఉందని అతనికి తెలుసు. చెల్లెలికీ తెలుసు. పుట్టింటి గడప తొక్కనివ్వరేమోనన్న భయంతో ఆమె తలూపుతుంది. తెలియక చేసే తప్పును బోధనతో సరిదిద్దవచ్చు. తెలిసి చేసేదానికి ఇంకో బయాన్ మందు కాదు.

ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ (వాక్యం) దేని గురించో గమనించండి. నమాజు గురించి కాదు, ఉపవాసం గురించీ కాదు. బఖరా సూరాలోని 282వ ఆయత్ అది, అప్పు గురించి. గడువు పెట్టి అప్పిచ్చినా పుచ్చుకున్నా రాసుకోవాలి. రాసేవాడు న్యాయంగా రాయాలి. ఏం రాయాలో బాకీదారే చెప్పాలి. సాక్షులుండాలి. మొత్తం చిన్నదే కదా అని బద్ధకించకూడదు. దానికి రెండు ఆయత్‌ల ముందు, అప్పుపడ్డవాడు ఇబ్బందుల్లో ఉంటే వెసులుబాటు దొరికేదాకా ఆగాలనీ, వదిలేస్తే ఇంకా మేలనీ ఉంది. కాగితం దగ్గర ఖచ్చితం, మనిషి దగ్గర దయ. రెండూ కలిస్తేనే దీన్, అంటే ధర్మం.

ఈ విద్యను ఆచరణలో పెట్టిన చరిత్ర మన నగరానికి ఉంది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మతశాస్త్రం, ఆర్థికశాస్త్రం ఒకే గొడుగు కింద ఉండేవి. మతశాస్త్ర విభాగానికి చెందిన మనాజిర్ అహ్సన్ గిలానీ ‘ఇస్లామీ మఆషియాత్’ రాశారు. ఆర్థికశాస్త్ర ఆచార్యుడు అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1940ల్లో వడ్డీ సిద్ధాంతాలను ఇస్లాం వైపు నుంచి పరిశీలిస్తూ పుస్తకం తెచ్చారు. ఇక్కడే చదివి, ఇక్కడే పాఠం చెప్పిన ముహమ్మద్ హమీదుల్లా 1955లో ఒక జర్మన్ పరిశోధన పత్రికలో హైదరాబాద్ అనుభవాన్ని ప్రపంచానికి చెప్పారు. ఆయన చెప్పినదాంట్లో పుస్తకాల సంగతితో పాటు, ఈ నగరంలో పనిచేసిన వడ్డీలేని రుణ సంఘాల సంగతీ ఉంది.

నా దృష్టిలో ఆ సంఘాలు ఆ పుస్తకాలకు ఏమాత్రం తీసిపోవు. వడ్డీ హరామ్ అని చెప్పడానికి ఒక నిమిషం చాలు. వడ్డీ కట్టలేక నలుగుతున్నవాడికి మరో దారి చూపాలంటే రిజిస్టరు కావాలి, జామీను కావాలి, వాయిదాలు రాసుకునే గుమాస్తా కావాలి. ఇల్మ్ అమల్ కావడానికి చిత్తశుద్ధి ఒక్కటే సరిపోదు, ఏర్పాటు కూడా ఉండాలి.

ఆ ఏర్పాటు అవసరం ఇప్పుడు ఎంతుందో తార్నాకలో తెలుస్తుంది. పరీక్ష ఫీజుకు ఆఖరి తేదీ దగ్గరపడితే జిరాక్స్ షాపుల ముందు పిల్లలు ఫోన్లు పట్టుకుని నిలబడతారు. ఊళ్ళో పత్తి డబ్బు ఇంకా చేతికి రాలేదు. గది అడ్వాన్సు కట్టాలి. ఫోన్‌లో లోన్ యాప్ నిమిషాల్లో డబ్బు వేస్తుంది, వారానికే మెడ మీద కూర్చుంటుంది. 2010లో మైక్రోఫైనాన్స్ వేధింపులకు ఉమ్మడి రాష్ట్రంలో ప్రాణాలు పోయి, ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు తెలంగాణలో మళ్ళీ ఉసురు తీశాయి.

క్యాంపస్ చుట్టుపక్కల నూరు మంది నెలకు 500 రూపాయలు జమ చేస్తే ఆరు నెలల్లో 3 లక్షలవుతుంది. తలా 5,000 చొప్పున అరవై మంది విద్యార్థులకు అప్పివ్వొచ్చు. పది వాయిదాల్లో అసలు మాత్రమే తిరిగొస్తుంది, తర్వాతి బ్యాచ్‌కు వెళ్తుంది. ఇది దానం కాదు, కాబట్టి తీసుకునేవాడు తల దించుకోనక్కర్లేదు.

ఎగ్గొడితే ఎలా అంటారు. రాసుకోండి, ఇద్దరిని జామీను తీసుకోండి. స్తోమత ఉండీ బాకీ సాగదీయడం జులుం అని ప్రవక్తే చెప్పారు. కట్టలేనివాడిని, కట్టనివాడిని ఒకే గాటన కట్టకుండా ఉంటే చాలు. ముస్లిం పిల్లలకేనా అంటారు. ప్రవక్త కన్నుమూసేనాటికి ఆయన కవచం ఇంటి బార్లీ కోసం ఒక యూదుడి దగ్గర కుదువలో ఉందని హదీస్ చెబుతోంది. లేన్‌దేన్‌కు ఆయన పెట్టని మతం గోడ మనం పెట్టకూడదు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన గోండు పిల్లవాడికీ, నల్లగొండ నుంచి వచ్చిన దళిత విద్యార్థినికీ ఆ రిజిస్టరులో చోటుండాలి.

ఖతీబులను, అధ్యాపకులను, పరిశోధక విద్యార్థులను నేను కోరేది ఇదే. ఈ విద్యా సంవత్సరం వడ్డీ మీద మరో సెమినార్ పెట్టేముందు ఈ ఫండ్ పెట్టండి. దానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఈలోగా చెల్లెలికి వాటా ఇవ్వవలసినవాళ్ళు, పనివాడికి కూలి బాకీ ఉన్నవాళ్ళు, మిత్రుడి చేబదులు మరిచినట్టు నటిస్తున్నవాళ్ళు మాత్రం ఏ ఫండ్ కోసమూ ఆగనక్కర్లేదు. ఈ సాయంత్రమే తీర్చేయండి.