సులోచనకు జరిగిన యన్యాయము

టాకీలు రాగానే సులోచన వెలుగు ఆరిపోయినదని చెప్పుట మనలో పరిపాటియైనది. ఈ మాట సగమే నిజము. తక్కిన సగము మరచుట ఆమెకు చేయు అపచారము.

1907లో పూనాలో యూదు కుటుంబమున జన్మించిన రూబీ మైయర్సు టెలిఫోను ఆఫీసులో ఉద్యోగము చేయుచుండెను. కోహినూరు కంపెనీకి చెందిన మోహన్ భవనాని చిత్రములలోనికి పిలువగా మొదట నిరాకరించెను. ఆనాడు స్త్రీలు తెరకెక్కుట తలవంపుగా నెంచబడుచుండెను. 1913లో ఫాల్కే తన 'రాజా హరిశ్చంద్ర'లో తారామతి వేషమును సాళుంకే యను పురుషునిచే వేయించవలసివచ్చెను గదా! తుదకామె యొప్పుకొని సులోచన యను పేరు దాల్చి, కోహినూరులోను పిదప ఇంపీరియలు కంపెనీలోను దేశమంతట పేరుపొందెను. 1927 నాటి 'వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే'లో ఆమెవి ఎనిమిది వేషములు. పోలీసు, తోటమాలి, వీథిబాలుడు, తుదకు హైదరాబాదు పెద్దమనిషి కూడ! నెలకు 5000 రూపాయల జీతమనియు, అది బొంబాయి గవర్నరు జీతమునకు మించినదనియు జనులు చెప్పుకొనిరి.

మూగచిత్రమునకు ప్రాంతభేదము లేదు. కన్నులతో పలికిన మాట అందరికిని తెలిసెను. 1931 మార్చి 14న 'ఆలం ఆరా' వెలువడుటతో ఆ యైకమత్యము చెదరెను. దానిని తీసినది ఇంపీరియలు కంపెనీయే. నాయిక మాత్రము జుబేదా. హిందూస్థానీ ధారాళముగ రాని సులోచన తొలగి నిలువవలసివచ్చెను. (ఆ యేడే ఆ కంపెనీయే హెచ్. ఎం. రెడ్డిగారిచే తీయించిన 'కాళిదాసు'లో తెలుగు మాట వినబడెను. ఆమె నోరు కట్టువడిన చోటనే మనకు నోరు వచ్చినది.)

పిమ్మట నామె చేసిన పనియే మనము మరచినది. దేశమంతయు కొనియాడిన నటి బాలశిక్ష పట్టిన పిల్లవలె కూర్చుండి యా భాష నేర్చుకొనెను. 1932లో టాకీ 'మాధురి'తో మరలివచ్చెను. 1928లో మూగగా నటించిన అనార్కలిని 1935లో మాటలతో నటించెను. కావున ఆమెను ఓడించినది భాష కాదు. వయసు మీరిన నటికి మన పరిశ్రమలో తావులేకుండుటయే. 1953 నాటి 'అనార్కలి'లో ఆమెకు దక్కినది సలీము తల్లి వేషము!

ప్రభుత్వము 1973లో ఫాల్కే పురస్కార మిచ్చెను. 1983లో ఆమె కన్నుమూసెను. పురస్కారము మంచిదే, కాని ఆమె చిత్రములేవి? మన దేశమున తీసిన మూగచిత్రములు సుమారు 1300. మిగిలినవి పదుల లెక్కకే గాని వందలకు రావు. ఆ ఫిలిము ఇట్టే అంటుకొను సరకు. కాలిపోయినది కొంత, అందలి వెండి కొరకు కరగించినది కొంత. రఘుపతి వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ తీసిన 'భీష్మప్రతిజ్ఞ'యు మనకు దక్కలేదు. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము వెలసినది 1964లో. అప్పటికి దొంగలుపడిన యింటికి తాళము వేసినట్లయ్యెను.

అయినను మన యూళ్లలో మూతపడిన సినిమాహాళ్ల అటకలపై తుప్పుపట్టిన ఫిలిము డబ్బాలు నేటికిని ఉండవచ్చును. పాతసామానులవానికి తూచి యమ్మకమునుపు, ఆ యజమానులు పూనాకొక జాబు వ్రాయుదురుగాక.