జేబులో పట్టినంత మాత్రాన సరిపోదు

జేబులో ఫోన్ ఉండగా ఇంకో కెమెరా ఎందుకు? మన క్యాంపస్‌లో ఎవరిని అడిగినా ఇప్పుడు ఒకటే జవాబు: "ఆ పాత లుక్ కోసం!" ఫెస్టులో, ఫేర్‌వెల్‌లో, హాస్టల్ మెట్ల మీద, ఎక్కడ చూసినా అప్పటి సన్నటి డిజిటల్ కెమెరాలే. సరదాగానే ఉంది. నా అభ్యంతరం సరదా మీద కాదు, కొనేటప్పుడు మనం చూస్తున్న విషయాల మీద. రంగు చూస్తున్నాం, మందం చూస్తున్నాం, మెగాపిక్సెళ్ళు లెక్కపెడుతున్నాం. సన్నగా చెయ్యడం కోసం లోపల ఏం వదిలేశారో మాత్రం అడగడం లేదు. ఇంజనీరింగ్ చదివేవాళ్ళమే అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు?

సన్నదనం ఊరికే రాదు. లెన్స్‌కీ సెన్సర్‌కీ మధ్య కొంత దూరం కావాలి. 2002లో వచ్చిన క్యాసియో ఎక్సిలిమ్ ఎస్1 మందం 12 మి.మీ. లోపే. కానీ దాంట్లో ఆప్టికల్ జూమ్ లేదు, ఆటోఫోకస్ కూడా లేదు. అదే ఏడాది మినోల్టా డిమాజ్ ఎక్స్ ఇంకో దారి పట్టింది. ప్రిజంతో వెలుతురుని 90 డిగ్రీలు తిప్పి, లెన్స్ మొత్తాన్ని బాడీలో నిలువుగా అమర్చింది. అందుకే జూమ్ చేసినా లెన్స్ బయటికి రాదు. ఒకరు వదులుకున్నారు, ఒకరు మలుపు తిప్పారు.

నేను వాడేది కెనాన్ పవర్‌షాట్ ఎస్95. 2010 నాటిది. అన్నయ్య కొత్తది కొనుక్కుని నాకిచ్చాడు. మందం దాదాపు 30 మి.మీ., బరువు 200 గ్రాముల లోపు. నల్లటి పెట్టె, మెరుపు లేదు, ఇన్‌స్టా రీల్‌లో చూపించుకునే అందమూ లేదు. అయినా నా ఓటు దీనికే. ఎందుకంటే దీన్ని చేసినవాళ్ళు ఏది వదలకూడదో ముందే తేల్చుకున్నారు.

మొదటిది సెన్సర్. మామూలు కాంపాక్టుల్లో ఉండే సెన్సర్‌తో పోలిస్తే దీని వైశాల్యం సుమారు ఒకటిన్నర రెట్లు. దాని మీద పిక్సెళ్ళు 10 మిలియన్లే. ఇక్కడో ముచ్చట ఉంది. ఇదే కంపెనీ 2008లో తెచ్చిన జీ10కి 14.7 మెగాపిక్సెళ్ళు. మరుసటి ఏడాది జీ11లోనూ, ఎస్95కి అన్నలాంటి ఎస్90లోనూ ఆ సంఖ్యని 10కి దించేశారు. అందరూ పెంచుకుంటూ పోతున్న రోజుల్లో తగ్గించడానికి ధైర్యం కావాలి. ఒక్కో పిక్సెల్ పెద్దదైతే దాని మీద పడే వెలుతురూ ఎక్కువే.

రెండోది లెన్స్. వైడ్‌లో ఎఫ్/2.0. పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/4.9. వెలుతురు ఈ సంఖ్య వర్గానికి విలోమంగా మారుతుంది కాబట్టి, 4.9ని 2తో భాగించి వర్గం చెయ్యండి. ఆరు వస్తుంది. అంటే జూమ్ చివరికి వెళ్తే సెన్సర్ మీద పడే వెలుతురు ఆరో వంతే. అందుకే చీకటి పడ్డాక జూమ్ ముట్టుకోకుండా నాలుగడుగులు ముందుకు నడవడం మేలు.

మూడోది లెన్స్ చుట్టూ ఉన్న రింగు. మెనూల్లోకి దూరకుండా వేళ్ళతోనే ఎపర్చరో ఐఎస్ఓనో మార్చుకోవచ్చు.

లోపాలూ ఉన్నాయి. ముందు పక్క నున్నగా ఉండి పట్టు దొరకదు. ఫ్లాష్ సరిగ్గా ఎడమ చేతి వేలు ఆనించే చోటే పైకి లేస్తుంది. ఒక్క చార్జికి సుమారు 200 ఫోటోలు. వీడియో 720పీ, తీస్తున్నప్పుడు జూమ్ పనిచెయ్యదు. రాత్రి ఫోటోల్లో, వీడియోలో మంచి ఫోన్ ముందు ఇది ఓడిపోతుంది. ఒప్పుకుంటాను.

మరి ఎందుకు వాడటం? ముఖాల కోసం. సంక్రాంతికి మా నానమ్మని ఫోన్‌తో తీస్తే, బ్యూటీ మోడ్ ఆపినా ముడతలు సగం పోయాయి, ఒంటి రంగు ఓ మెట్టు తేలింది. సాయంత్రం వసారాలో ఎస్95తో ఫ్లాష్ లేకుండా రా ఫైల్‌గా తీశాను. కాస్త గరుకుగా వచ్చింది గానీ, చామనచాయ చామనచాయగానే ఉంది. ఎనభై ఏళ్ళు ఎనభై ఏళ్ళుగానే కనిపించాయి. అడక్కుండా తెల్లబరిచే యంత్రం మన రంగు మీద ఒక అభిప్రాయం చెబుతున్నట్టే. రా ఫైల్‌లో ఆ నిర్ణయం నా చేతిలో ఉంటుంది.

కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళకి నా సలహా ఇది. "సీసీడీ" అనే మూడక్షరాలకే డబ్బు పొయ్యకండి. రంగులు ఒక్క సెన్సర్ వల్లే రావు, లోపలి ప్రాసెసింగూ కలవాలి. లెన్స్ అంచున 1:2.0-4.9 లాంటి చిన్న అంకెలు ఉంటాయి, అవి చదవండి. మొదటి అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది. రా ఫైల్ ఇస్తుందా అని అడగండి. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. ఇంత చూశాక కూడా నచ్చితే, అప్పుడు రంగు ఎంచుకోండి. గులాబీ రంగైనా నాకేం అభ్యంతరం లేదు.