పేటలో రోడ్డు మనది, టెండర్ ఎవరిది?

1942 అక్టోబర్‌లో అంబేద్కర్ వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు ఇచ్చిన వినతిపత్రంలో ఉద్యోగాలు, చదువులతో పాటు ప్రభుత్వ కాంట్రాక్టుల్లోనూ వాటా అడిగారు. కేంద్ర పీడబ్ల్యూడీ జాబితాలో వెయ్యికి పైగా కాంట్రాక్టర్లుంటే, షెడ్యూల్డ్ కులాల నుంచి ఒక్కరే ఉన్నారని లెక్క చూపించారు. ఎనభై ఏళ్లు దాటాక మన పేటల్లో వేసే సిమెంటు రోడ్డు దగ్గర కూడా అదే ప్రశ్న అడగాల్సి వస్తోంది.

2013 ఉప ప్రణాళిక చట్టం మన నిధులు మన పేటలకే ఖర్చు చేయాలంటుంది. ఆ పని ఎవరి చేతికి ఇవ్వాలో చెప్పదు. 2019 జూలైలో రాష్ట్ర శాసనసభ బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు 50 శాతం కేటాయించింది నామినేషన్ పనుల్లో మాత్రమే. కేంద్రం 2012లో తెచ్చిన విధానంలోని ఎస్సీ, ఎస్టీల 4 శాతం వాటా వస్తువులు, సేవల కొనుగోలుకే. నిర్మాణ పనులకు వర్తించదు. బహిరంగ టెండర్‌కు వచ్చేసరికి కొత్తగా లైసెన్సు తీసుకున్న మన కుర్రాడు, మూడు తరాలుగా కాంట్రాక్టులు చేస్తున్న కుటుంబంతో పోటీ పడాలి.

ఒక్క అంకె వెనుక

మన దగ్గర చాలా పనులకు శాతం టెండరే. శాఖ అంచనా మీద ఎంత 'ఎక్సెస్', ఎంత 'లెస్' అన్న ఒక్క అంకె వేస్తే చాలు. అందుకే లెక్క కట్టకుండా పక్కవాడి కంటే ఒక శాతం తగ్గించే అలవాటు పెరిగింది. పది లక్షల పనిని 20 శాతం లెస్‌కు తీసుకుంటే చేతికొచ్చేది ఎనిమిది లక్షలు. అందులోనే మెటీరియల్, కూలీలు, వడ్డీ అన్నీ సర్దాలి.

కొల్లేరు లంకల్లో ఈ గుడ్డిలెక్క మరీ ప్రమాదం. నేల నల్లరేగడి. గ్రావెల్ తాడేపల్లిగూడెం ఎగువ మెట్ట నుంచో, అంతకన్నా దూరం నుంచో రావాలి. అంచనాలో రాసిన లీడ్ దూరానికీ, లారీ నిజంగా తిరిగే దూరానికీ తేడా ఉంటే ఆ నష్టం కాంట్రాక్టర్‌దే. బుడమేరు, తమ్మిలేరు పొంగితే నీళ్లు పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. నీళ్లు తోడే ఖర్చు, పని ఆగిన రోజుల ఖర్చు ముందే వేసుకోవాలి. స్థలం చూసుకునే టెండర్ వేశానని బిడ్డర్ ఒప్పుకున్నట్టే లెక్క కాబట్టి తర్వాత మొత్తుకున్నా ప్రయోజనం ఉండదు.

నష్టపోయినవాళ్లు రెండోసారి టెండర్ వేయరు, లైసెన్సు అద్దెకిస్తారు. పేరు దళితుడిది, పని, బిల్లు పెత్తందారువి. 1970ల్లో కొల్లేరులో ఎస్సీ సొసైటీలకు ఇచ్చిన చేపల చెరువులు లీజుల పేరుతో ఎవరి చేతుల్లోకి పోయాయో ఈ ప్రాంతానికి తెలుసు.

ఏం చేయాలి

టెండర్ వేసే ముందు ప్రతి ఐటమ్‌కూ సొంత లెక్క ఉండాలి: పరిమాణం, మెటీరియల్ ధర, లీడ్, కూలి, యంత్రం అద్దె, బిల్లు ఆలస్యమైతే పడే వడ్డీ. జీఎస్టీ, 1 శాతం కార్మిక సంక్షేమ సెస్సు అంచనాలో విడిగా చూపారో లేదో చూసుకోవాలి. డ్రాయింగ్‌కూ, పరిమాణాల పట్టికకూ తేడా కనిపిస్తే గడువుకు ముందే రాతపూర్వకంగా అడగాలి. కూలీల వేతనం కోసి లెస్ వేయకూడదు. ఆ కూలీలూ మనవాళ్లే.

తాడేపల్లిగూడెం నిట్‌లో, ఏలూరు కాలేజీల్లో సివిల్ చదివే మన విద్యార్థులు ఈ లెక్కలు కట్టడంలో తోడుండొచ్చు. ఉద్యమకారులు సమాచార హక్కు కింద అడగాల్సింది కూడా ఉంది: పేటల్లో జరిగిన పనులకు ఎవరెవరు టెండర్ వేశారు, ఎంత శాతానికి దక్కింది, చివరి బిల్లు ఎంత?

అయితే లెక్క నేర్చుకుంటే చాలదు. కర్ణాటక 50 లక్షల లోపు టెండర్ పనుల్లో ఎస్సీ, ఎస్టీలకు 24.1 శాతం కేటాయించి, 2023లో ఆ పరిమితిని కోటికి పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ బహిరంగ టెండర్లకు అలాంటి చట్టం కావాలి. కనీసం మన నిధులతో మన పేటల్లో జరిగే పనులతోనైనా అది మొదలవ్వాలి.