అర్థమైందా అని అడిగేదెవరు?

ప్రతి వేసవిలో పదో తరగతి ఫలితాలు వెలువడగానే మన బస్తీల్లో ఫ్లెక్సీలు లేస్తాయి. షాదీఖానాలో సభ, ర్యాంకులు తెచ్చిన పిల్లలకు శాలువాలు, జ్ఞాపికలు. వేదిక ఎక్కిన పెద్దలలో కనీసం ఇద్దరు ఇబ్న్ అల్ హైసమ్ పేరు తలుస్తారు. వెయ్యేళ్ల క్రితమే కాంతిశాస్త్రానికి పునాది వేసిన ఘనత మనదని చాటుతారు. చప్పట్లు మోగుతాయి. మేమూ కొట్టాము, ఎన్నోసార్లు.

కానీ ఆ మహనీయుడు చేసిన పనేమిటి? కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకడం వల్లనే చూపు కలుగుతుందని గ్రీకు పండితులు చెప్పిన మాటను ఆయన వల్లె వేయలేదు. అనుమానించాడు. చీకటి గదిలో సన్నని రంధ్రం గుండా వచ్చే వెలుగును పరీక్షించాడు. టాలెమీ గ్రంథాల మీద తన సందేహాలను ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. ఇప్పుడు ఆ సభలో ముందు వరుసలో కూర్చున్న మన పిల్లలను అడుగుదాం: మీలో ఎందరు అట్టపెట్టెకు సూదితో బెజ్జం పెట్టి, అవతలి కాగితం మీద తలకిందులైన కొవ్వొత్తి వెలుగును కళ్లారా చూశారు? బొమ్మ గీసి భాగాలు గుర్తించిన చేతులు అన్నీ లేస్తాయి. చూసినవారి చేతులు ఎన్ని లేస్తాయో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

మా ఫిర్యాదు ప్రయోగశాలలు లేవన్నది మాత్రమే కాదు. ఆ ఫిర్యాదు పాతది, నిజమైనది, దాన్ని ఈ పత్రికల్లో చాలామంది రాశారు. మేము ఇప్పుడు ఎత్తుతున్నది అంతకంటే లోతైన అన్యాయం. మన పిల్లలకు విజ్ఞానశాస్త్రం అర్థమైందో లేదో తెలుసుకునే పద్ధతి మన బడుల్లో లేదు. ఉన్న పద్ధతి అర్థం కానివారిని ఉత్తీర్ణులుగా, అర్థమైనవారిని వెనుకబడినవారుగా లెక్కగడుతోంది.

కొంతకాలం క్రితం ఒక ప్రభుత్వ ఉర్దూ మాధ్యమ ఉన్నత పాఠశాలకు వెళ్లాము. ఎనిమిదో తరగతి, ముప్పై మందికి పైగా ఆడపిల్లలు. ఉపాధ్యాయుడు మంచివాడు, పిల్లల మీద ప్రేమ గలవాడు. 'తక్సీఫ్ అంటే ఏమిటి?' అని ఆయన అడగగానే నాలుగైదు గొంతులు ఒక్కసారిగా నిర్వచనం వినిపించాయి. ఆవిరి చల్లబడి ద్రవంగా మారడం తక్సీఫ్. పుస్తకంలో ఉన్నది ఉన్నట్లు, ఒక్క అక్షరం జారలేదు. తెలుగు పుస్తకం దీన్నే సాంద్రీకరణం అంటుంది.

మేము ఎదురుగా ఉన్న టీ దుకాణం నుంచి ఒక గ్లాసులో మంచుముక్కలు వేయించి తెప్పించాము. కాసేపటికి గ్లాసు బయట నీటిచుక్కలు పట్టాయి. ఈ నీరు ఎక్కడిది అని అడిగాము. నిర్వచనం చెప్పిన పిల్లలే ఒకరు గ్లాసు కారుతోందన్నారు, మరొకరు మంచుకు చెమట పట్టిందన్నారు. ఇంకొకరు లోపలి నీరు గాజులోంచి ఊరిందన్నారు. చివరి బల్ల నుంచి, అంతవరకూ నోరు విప్పని ఒక అమ్మాయి నెమ్మదిగా అన్నది: 'హవా మే కా పానీ హై సార్, ఠండా హోకో గిలాస్ కు చిపక్ గయా.' గాలిలోని నీరే, చల్లబడి గ్లాసుకు అంటుకుంది. ఇంతకంటే సరైన సమాధానం ఏ ఆచార్యుడు చెప్పగలడు?

ఆమె లఘు పరీక్ష కాగితం చూశాము. ఇరవైకి 4. నిర్వచనం రాయలేదు. రాసిన రెండు వాక్యాలు ఇంట్లో మాట్లాడే దక్కనీలో ఉన్నాయి, పుస్తక ఉర్దూలో లేవు. గ్లాసు కారుతోందన్న పిల్లలకు 17, 18 వచ్చాయి. ఉపాధ్యాయుడు ఆ కాగితాలను చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: 'రెండు సబ్జెక్టులు నేనే చెప్పాలి భాయీ, మార్కులు ఫలానా తారీఖుకు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. గ్లాసులు పట్టుకుని ఎక్కడ కూర్చోను?' ఆయనను తప్పుపట్టే మనసు మాకు రాలేదు. కానీ ఆ నాలుగు మార్కుల కాగితం ఆ అమ్మాయి ఇంటికి వెళ్తుంది. 'దీనికి సైన్స్ రాదు' అని తండ్రి నమ్ముతాడు. తొమ్మిదో తరగతికి ముందే చదువు మాన్పించడానికి అదొక సాక్ష్యం అవుతుంది. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు బడిలో అడుగే పెట్టలేదనో, మధ్యలో మానేశారనో సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. మానేసినవారిలో ఎందరి చేతుల్లో ఇలాంటి కాగితాలున్నాయో ఆ కమిటీ లెక్కించలేదు, ఇంకెవరూ లెక్కించలేదు.

ఇది ఉర్దూ మాధ్యమం తెచ్చిన చేటు అనే మాట ఇక్కడ వెంటనే వినిపిస్తుంది, అదీ ఎక్కువగా మన చదువుకున్న పెద్దల నుంచే. ఆంగ్లంలోకి మారితే అన్నీ సర్దుకుంటాయట. 2016లో తెలంగాణలో మొదలైన మైనారిటీ గురుకులాలు ఆంగ్ల మాధ్యమంలోనే నడుస్తున్నాయి. వాటివల్ల వేలాది పేద కుటుంబాల పిల్లలకు తిండి, వసతి, చదువు దొరికాయి. వాటిని మేము స్వాగతించాము, ఇప్పటికీ సమర్థిస్తాము. అయితే నిర్వచనాన్ని ఉర్దూకు బదులు ఆంగ్లంలో అప్పజెప్పినంత మాత్రాన గ్లాసు మీది నీటిచుక్క అర్థం కాదు. దక్కనీలో ఆలోచించి, పుస్తక ఉర్దూలోకి మార్చుకుని రాయడం ఒక మెట్టు. ఆంగ్లం ఇంకో మెట్టు. మెట్లు పెరిగిన కొద్దీ ఉపాధ్యాయుడు దిద్దుతున్నది భాషనే, శాస్త్రాన్ని కాదు.

ఉర్దూలో శాస్త్రం ఇమడదన్న మాట చరిత్ర తెలియనివారిది. హైదరాబాదులో 1917లో అనువాద విభాగం దారుత్తర్జుమా ఏర్పడింది. మరుసటి ఏడాది ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, చివరికి వైద్యం కూడా ఆ భాషలో బోధించారు. ఒక్కొక్క పారిభాషిక పదం కోసం పండితులు కూర్చుని వాదించుకున్నారు. అయితే నిజం రెండువైపులా చెప్పాలి. అరబీ, ఫారసీ ధాతువుల నుంచి తయారైన ఆ పదాలు విశ్వవిద్యాలయ విద్యార్థి కోసం పుట్టినవి. ఆటో నడిపే తండ్రి, బీడీలు చుట్టే తల్లి ఉన్న ఇంటి పిల్లకు 'తక్సీఫ్' ఎంత దూరమో 'కండెన్సేషన్' అంతే దూరం. కోస్తా పల్లెల్లో ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల పిల్లవాడికి 'సాంద్రీకరణం' కూడా అంతే. తప్పు భాషది కాదు. పదం తెలిస్తే విషయం తెలిసినట్లేనని అనుకోవడంలో ఉంది.

చట్టం ఈ మాటను మనకంటే ముందే చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ ప్రకారం బోధన ఆచరణ సాధ్యమైనంతవరకు పిల్లల మాతృభాషలో ఉండాలి. పిల్లవాడు జ్ఞానాన్ని ఎంత అర్థం చేసుకున్నాడు, దాన్ని ఎంత అన్వయించగలడు అన్నదాన్ని నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలి. అర్థం చేసుకోవడం, అన్వయించడం: చట్టం అడిగినవి ఈ రెండే. అప్పజెప్పడం అందులో లేదు. మన విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాలు కూడా విద్యాప్రమాణాల జాబితాలో మొదటిది విషయావగాహన అనీ, రెండోది ప్రశ్నించడం, పరికల్పన చేయడం అనీ ముద్రించుకున్నాయి. కాగితం మీద మనకు లోటు లేదు.

ఆచరణలో ఏమైంది? నిర్మాణాత్మక మూల్యాంకనం పేరుతో భాగస్వామ్యానికి కొన్ని, రాతపనులకు కొన్ని, ప్రాజెక్టుకు కొన్ని, లఘు పరీక్షకు కొన్ని మార్కులు పంచారు. ఉద్దేశం గొప్పది. ప్రాజెక్టు అంటే జిరాక్స్ దుకాణంలో కొన్న రంగుల చార్టు అయింది. రాతపని అంటే గైడు నుంచి దించిన పుటలయ్యాయి. తనిఖీకి భయపడి కొన్ని బడుల్లో అందరికీ ఇరవైకి ఇరవై వేస్తారు. కొందరు దీన్ని పేద పిల్లల మీద దయ అంటారు. మేము దయ అనము. ఆ పిల్లకు ఏది అర్థం కాలేదో తెలుసుకునే శ్రమ తప్పించుకోవడానికి కట్టిన వెల అది. దాని బాకీ ఇంటర్ మొదటి సంవత్సరంలో ఆ పిల్లే చెల్లిస్తుంది.

మార్కు వల్ల చదువు మెరుగుపడుతుందన్న నమ్మకం కూడా నిలిచేది కాదు. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. మెరుగుపడినవారు వ్యాఖ్య మాత్రమే అందుకున్నవారు. పక్కన మార్కు ఉంటే పిల్లలు వ్యాఖ్యను పట్టించుకోలేదు. 'నీరు గాలిలోంచి వచ్చిందన్నావు, సరైనది. మరి వేసవి మధ్యాహ్నం చుక్కలు తక్కువగా ఎందుకు పడతాయి?' అని ఒక్క వాక్యం రాసి కాగితం తిరిగి ఇస్తే ఆ చివరి బల్ల అమ్మాయి ఏం చేసి ఉండేదో ఊహించండి.

ఇదంతా పేద దేశంలో సాధ్యం కాదంటారా? మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 గ్రామీణ మాధ్యమిక పాఠశాలల్లో ఒక విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమం మొదలైంది. పిల్లలు చౌకైన సామగ్రితో స్వయంగా ప్రయోగాలు చేసి, ఫలితాలు తమ మాటల్లో రాసుకునేవారు. ఎనిమిదో తరగతి బోర్డు పరీక్షకు పుస్తకం వెంట తీసుకెళ్లవచ్చు. పుస్తకం చూసి రాయగలిగే ప్రశ్న అడగరు కాబట్టి. చేతితో చేసి చూపే ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. ముప్పై ఏళ్లు నడిచాక 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని మూసివేసింది. మూసివేసింది ప్రభుత్వమే. పిల్లల చేతకానితనం కాదు.

ఇక లెక్కల సంగతి. 2021 జాతీయ సాధన సర్వే పిల్లల ఫలితాలను ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, సాధారణ వర్గాలుగా, బాలబాలికలుగా, గ్రామం, పట్టణంగా విడదీసి చూపింది. మతపరమైన మైనారిటీలను వేరుగా చూపలేదు. మన పిల్లలకు ఏమి అర్థం కావడం లేదో రాజ్యం అడగదు, చెప్పదు. తెలియని విషయానికి బడ్జెట్టు ఎలా వస్తుంది?

హిఫ్జ్ చేసే పిల్లలున్న సమాజం కంఠస్థాన్ని తక్కువ చేయవచ్చునా అని మిత్రులొకరు మమ్మల్ని నిలదీశారు. ఖురాన్ కంఠస్థం ఇబాదత్, దాని స్థానం దానిదే. అయినా చూడండి, హిఫ్జ్ ఉస్తాద్ ప్రతి పిల్లవాడి సబఖ్‌ను ప్రతిరోజూ ఎదురుగా కూర్చోబెట్టుకుని వింటాడు. ఎక్కడ తడబడ్డాడో అక్కడే ఆపుతాడు. మర్నాడు అక్కడి నుంచే మొదలుపెడతాడు. ఒక్కొక్క పిల్లవాడి పట్ల ఆ శ్రద్ధలో పదో వంతు మన సైన్స్ తరగతిలో ఉంటే ఈ వ్యాసం రాయవలసి వచ్చేది కాదు.

విద్యాశాఖను మేము కోరేవి కొత్తవి కావు, ఖర్చు ఎక్కువైనవీ కావు. లఘు పరీక్షలో పిల్లలు ఇంటి భాషలో, బొమ్మలతో, నోటిమాటతో జవాబిచ్చినా అంగీకరించే స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. పాఠం మొదలుకాకముందే పిల్లలు ఏమనుకుంటున్నారో తెలుసుకునే ప్రశ్నలను ఉర్దూ, తెలుగు, ఆంగ్లం మూడింటిలో ఎస్సీఈఆర్‌టీ తయారుచేయాలి. రిజర్వేషన్ హక్కుకు భంగం కలగకుండానే, అభ్యర్థులు దొరకక ఏళ్ల తరబడి ఖాళీగా మిగిలిపోతున్న ఉర్దూ మాధ్యమ సైన్స్ పోస్టులకు దారి చూపాలి. సర్వేల్లో మైనారిటీ పిల్లల అవగాహనను వేరుగా ప్రకటించాలి.

మన కమిటీలకూ ఒక మాట. వచ్చే జూన్‌లో బడి తెరిచాక జరిగే తల్లిదండ్రుల సమావేశానికి మీ బస్తీ నుంచి పదిమంది తల్లులను వెంట తీసుకెళ్లండి. ర్యాంకు ఎంత అని అడగవద్దు. 'మా అమ్మాయికి ఈ నెలలో ఏది అర్థం కాలేదు?' అని అడగమనండి. జవాబు చెప్పలేకపోతే టీ దుకాణం నుంచి మంచుముక్కలు వేసిన గ్లాసు ఒకటి తెప్పించి బల్ల మీద పెట్టండి. పిల్లలు చెప్పిన జవాబులను, వారి మాటల్లోనే, దిద్దకుండా మాకు రాసి పంపండి.