వంశంలో పక్షవాతం ఉంటే దాచకండి

బి.పి., షుగరు లేకుండానే 40, 50 ఏళ్ళకే పక్షవాతం వస్తే, "మా నాన్నగారికీ ఇలాగే వచ్చింది" అని డాక్టరుగారికి చెప్పాలి. పిల్లలకు సంబంధాలు కుదరవేమోనని చాలామంది ఆ మాట దాస్తారు. అలా దాచడం మంచిది కాదు.

కాడాసిల్ అనే అరుదైన జబ్బులో, నాచ్-3 అనే జన్యువులోని లోపంవల్ల మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. ఈ జన్యువును 1996లో గుర్తించారు. మొదట పార్శ్వపు తలనొప్పి, తర్వాత పక్షవాతం, మతిమరుపు రావచ్చు. తల్లికో తండ్రికో ఈ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం 50 శాతం. ఇది శాపం కాదు, ఎవరి తప్పూ కాదు.

పూర్తిగా నయంచేసే మందు లేదు. అయినా పొగ మానడం, బి.పి.ని అదుపులో ఉంచుకోవడం ఎంతో మేలు. ఆ జాగ్రత్త పడాలంటే పిల్లలకు ముందు విషయం తెలియాలి కదా!