ఫోరేట్ తీసేశారు, దాని చోట ఏమిచ్చారు?

వేరుశనగ నెలరోజుల పైరయ్యాక చేనులో అక్కడక్కడా గుంపుగా మొక్కలు వాడిపోతాయి. పట్టి లాగితే చేతికొచ్చేస్తాయి. మట్టి తవ్వితే వంకర తిరిగిన తెల్లటి వేరుపురుగు. దీనికి మనం ఏళ్ల తరబడి వాడింది ఫోరేట్ గుళికలు. 2018లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతో 2020 డిసెంబరు 31 నుంచి దానిపై నిషేధం పడింది. నిషేధం తప్పనను. ఆ గుళికలు చల్లి వాంతులతో పడిపోయినవాళ్లను చూసినవాణ్ణి. కానీ దాని చోట ఏమిచ్చారన్నది నా ప్రశ్న.

ఇవ్వడానికి ఒకటి ఉంది. మేలు చేసే నులిపురుగులు. ఆ మాట వినగానే టమాటా, దానిమ్మ వేర్లకు బుడిపెలు తెచ్చేది గుర్తొచ్చి మనవాళ్లు భయపడతారు. అది వేరు, ఇది వేరు. ఇది మొక్క జోలికి గానీ వానపాము జోలికి గానీ పోదు. అర మిల్లీమీటరు పొడవుంటుంది. తడి మట్టిలో పాకుతూ పోయి వేరుపురుగు ఒంట్లో దూరి, తన కడుపులోని బాక్టీరియాను అందులో వదులుతుంది. రెండు మూడు రోజుల్లో పురుగు చస్తుంది. చచ్చింది కుళ్లి కంపు కొట్టదు, ఇటుక రంగుకు తిరుగుతుంది. దాంట్లోనుంచి మళ్లీ వేలు, లక్షల నులిపురుగులు బయటికొస్తాయి.

ఇదేమీ నిన్నమొన్నటి సంగతి కాదు. అమెరికాలోని న్యూజెర్సీలో గోల్ఫ్ మైదానపు పచ్చిక వేర్లు తినే పురుగుల్లో 1929లోనే ఇలాంటివి కనబడ్డాయి. ఆ పురుగూ మన వేరుపురుగూ ఒకే కుటుంబం. అక్కడ వీటిని పెంచి నేలల్లో వదిలారు కూడా. తర్వాత డీడీటీ లాంటి మందులొచ్చి ఆ పనిని మూలకు నెట్టాయి. మన వేడిని తట్టుకునే రకం, హెటెరోరాబ్డైటిస్ ఇండికా, 1992లో కోయంబత్తూరు నుంచి వెలుగులోకి వచ్చింది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ దాన్ని పొడిగా తయారుచేసే పద్ధతిని కంపెనీలకు ఇచ్చింది.

మరి పనిచేయలేదని రైతులు ఎందుకంటున్నారు? రెండేళ్ల కిందట నేనూ కొన్నాను. దుకాణంలో రేకుల కింద, యూరియా బస్తాల పక్కన పెట్టిన ప్యాకెట్టు. అనుమానమొచ్చి చిటికెడు పొడి గ్లాసు నీళ్లలో కలిపి భూతద్దంతో చూశాను. సన్నటి దారపు ముక్కల్లా నిటారుగా పడున్నాయి, ఒక్కటీ కదల్లేదు. డబ్బు పోయింది, పైరూ పోయింది. ఇది మందు కాదు, ప్రాణమున్న సరుకు. ఎండా వేడీ తగిలితే చస్తుంది. పాలను చల్లగా పెట్టి అమ్మేవాళ్లకు ఇది కష్టమా?

మనవైపు తప్పులూ ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం, పొడి దుక్కిలో చల్లితే ఏమీ మిగలదు. వాన పడి పదును ఉన్నప్పుడు, సాయంత్రం పూట వేయాలి. పురుగు చిన్నగా ఉన్నప్పుడే వేయాలి, బలిసినదాన్ని చంపడం కష్టం. బోరు లేని మెట్టచేలలో వాన మొహం చాటేస్తే ఇదీ చేతులెత్తేస్తుంది, ఆ మాట దాచను. అందుకే తొలకరికి వేపచెట్ల మీద వాలే పెంకుపురుగులను రాత్రిపూట దులిపి కిరసనాయిలు నీళ్లలో వేయడం మానొద్దు. ఊరంతా కలిసి చేస్తేనే అది పనికొస్తుంది. ఒక్క రైతు చెట్టు దులిపితే పక్క చేనువి వచ్చి వాలతాయి.

సంఘం తరఫున అడగాల్సింది ఇదీ: రైతు సేవా కేంద్రాల్లో చల్లటి పెట్టెలో నిల్వ ఉంచి, సబ్సిడీ మీద అమ్మాలి. ప్యాకెట్టు మీద తయారీ తేదీతో పాటు బతికున్నవెన్నో రాయాలి. ఎరువులకు తీసినట్టే వీటికీ నమూనాలు తీసి పరీక్షించాలి. మే నెల మండల సమావేశాల్లో దీని మీద తీర్మానం చేసి వ్యవసాయాధికారికి ఇద్దాం. ఖాళీ ప్యాకెట్లు, బిల్లులు దగ్గరున్నవాళ్లు పారేయకుండా పట్టుకు రండి.