ఫోన్‌లో టికెట్, కౌంటర్లో టికెట్: ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల సంక్రాంతి లెక్క

జనవరి 12న ఖరగ్‌పూర్‌లో రైలెక్కి శ్రీకాకుళం జిల్లాకు రావాలనుకునే కుటుంబం, నవంబరు 13 ఉదయం 8 గంటలకల్లా ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గి ఏడాది దాటింది. 2024 నవంబరు 1 నుంచి ఇదే లెక్క. ఆ ఉదయం సీటు దొరికితే పండగ ఊళ్లో జరుగుతుంది. దొరక్కపోతే మొదలయ్యేది అసలు కథ. అక్కడి నుంచి ఆ కుటుంబానికి ఏం జరుగుతుందన్నది టికెట్ ఎక్కడ కొన్నారన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఫోన్‌లో కొన్నారా, స్టేషన్ కౌంటర్లోనా?

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఆ ఊరిని కట్టిందే రైల్వే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తన పెద్ద వర్క్‌షాపును అక్కడ పెట్టాక, మద్రాసు వైపు సాగిన లైను వెంటే ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల నుంచి కూలీలు, ఫిట్టర్లు, ఫైర్‌మన్లు వెళ్లి స్థిరపడ్డారు. మధురాకటి, నింపురా లాంటి చోట్ల నాలుగు తరాల తెలుగు కుటుంబాలున్నాయి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే దాని వెనుక ఉన్నది ప్రధానంగా ఈ పట్టణమే. ఈ కుటుంబాలకు సొంతూరితో మిగిలిన బంధం పెళ్లిళ్లు, చావులు, పండగలు. మూడింటికీ రైలే దారి. విశాఖ సుమారు 760 కిలోమీటర్లు, ఒక రాత్రి ప్రయాణం.

ఇంట్లో కూర్చుని టికెట్ కొనడం మనకు కొత్తగా వచ్చినప్పుడు అందులో కాగితం పోలేదు. ఐఆర్‌సీటీసీ 2002 ఆగస్టు 3న ఆన్‌లైన్ బుకింగ్ మొదలుపెట్టినప్పుడు ఇచ్చింది ఐ-టికెట్. డబ్బు ఆన్‌లైన్‌లో కట్టినా రైల్వే ముద్రించిన అసలు టికెట్ కొరియర్‌లో ఇంటికి రావాలి. 2005లో ఈ-టికెట్ వచ్చాక కూడా చాలా ఏళ్లు ప్రింటవుట్ తప్పనిసరిగా ఉండేది. జనరల్ టికెట్ల యూటీఎస్ యాప్ కథా ఇంతే. 2014 చివర్లో ముంబయిలో ప్రారంభించినప్పుడు, ఫోన్‌లో కొన్న టికెట్‌ను స్టేషన్లోని మెషీన్ దగ్గర ప్రింట్ తీసుకోవాల్సి వచ్చేది. కాగితం అక్కర్లేని టికెట్ 2015లో గానీ రాలేదు. ఇప్పుడు 2025 జులై 1న వచ్చిన రైల్‌వన్ యాప్‌లో రిజర్వుడు, జనరల్ టికెట్లు రెండూ ఒకేచోట ఉన్నాయి. రిజర్వుడు టికెట్లలో ఐదింట నాలుగుకు పైగా నేడు ఆన్‌లైన్‌లోనే అమ్ముడవుతున్నాయి.

అలాగని కౌంటర్ టికెట్ పాతకాలపు వస్తువుగా మిగిలిపోయిందనుకుంటే పొరపాటు. అదే రైలు, అదే బెర్తు, అదే ఛార్జీ. హక్కులు మాత్రం వేరు.

వెయిటింగ్ లిస్టు సంగతి చూడండి. ఆన్‌లైన్‌లో కొన్న టికెట్ చార్టు తయారయ్యాక కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతట అదే రద్దయిపోతుంది. తలకు 60 రూపాయల చొప్పున మినహాయించుకుని మిగతా డబ్బు ఖాతాలో వేస్తారు. కన్వీనియన్స్ ఫీజు తిరిగి రాదు. ఇక ఆ మనిషి చేతిలో ఏ టికెట్టూ ఉండదు. కౌంటర్ టికెట్ అలా రద్దు కాదు. దాంతో స్లీపర్, ఏసీ బోగీలు ఎక్కకూడదు, ఎక్కితే జరిమానా. కానీ జనరల్ బోగీలో నిలబడైనా ఊరు చేరొచ్చు. ఇంట్లో చావు కబురు విన్నవాడికి ఆ తేడా ఎంతటిదో చెప్పక్కర్లేదు. ఖరగ్‌పూర్‌లో ఇప్పటికీ కొందరు పనిగట్టుకుని రిజర్వేషన్ కౌంటర్‌కు వెళ్తున్నారంటే అది కంప్యూటర్ రాకపోవడం వల్లే అనుకోనక్కర్లేదు. అది వాళ్ల బీమా.

అసలు బీమా మాత్రం రెండో వైపు ఉంది. రూపాయి కన్నా తక్కువ ప్రీమియంతో 10 లక్షల వరకు కవరేజీ ఇచ్చే ప్రయాణ బీమా 2016 నుంచి ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకే. కౌంటర్లో కొన్నవాడికి, అడిగినా ఆ సదుపాయం లేదు. రైలు ప్రమాదంలో చట్టప్రకారం రైల్వే ఇచ్చే పరిహారం సరైన టికెట్ ఉన్న అందరికీ వర్తిస్తుంది, నిజమే. ఆ పైన వచ్చే బీమా సొమ్ముకు మాత్రం ఫోన్ ఉండాలి. ఈ షరతుకు సమర్థన ఏమిటో నాకైతే కనిపించలేదు.

ఖరగ్‌పూర్‌కు ఈ చర్చ పుస్తకాల్లోది కాదు. 2023 జూన్ 2న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగిన బహానగా బజార్ స్టేషన్ ఖరగ్‌పూర్ డివిజన్‌లోదే. సాయంత్రం ఖరగ్‌పూర్ దాటిన రైలు అది. 290 మందికి పైగా చనిపోయారు. ఎవరివో తేలని 28 మృతదేహాలకు అక్టోబరులో భువనేశ్వర్‌లో అంత్యక్రియలు చేశారు. జనరల్ బోగీలో ఉన్నవాళ్ల పేర్లు ఏ చార్టులోనూ ఉండవు. గుర్తింపు కష్టమవడానికి అదొక కారణం. బెర్తు దొరక్క జనరల్ బోగీలోకి మారిన ప్రయాణికుడు సౌకర్యం ఒక్కటే పోగొట్టుకోవడం లేదు. తాను ఆ రైల్లో ఉన్నాననే రికార్డునూ పోగొట్టుకుంటున్నాడు.

మరి బెర్తులు ఎందుకు దొరకవు? రైల్వే సమాధానం, దళారులు, బాట్లు. తత్కాల్ తెరిచిన మొదటి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం వరకు బాట్లవేనని, రెండున్నర కోట్ల యూజర్ ఐడీలను మూసేశామని రైల్వే శాఖ 2025 జూన్‌లో చెప్పింది. జులై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ, జులై 15 నుంచి ఓటీపీ, ఏజెంట్లకు మొదటి అరగంట నిషేధం వచ్చాయి. అక్టోబరు 1 నుంచి సాధారణ రిజర్వేషన్ తెరిచిన మొదటి 15 నిమిషాలకూ ఆధార్ తప్పనిసరి చేశారు. అంతకుముందే జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, అనుమతి లేని టికెట్ల వ్యాపారాన్ని శిక్షించే రైల్వే చట్టంలోని 143వ సెక్షన్ ఆన్‌లైన్ టికెట్లకూ వర్తిస్తుందని తేల్చింది.

ఇవి అవసరమైన చర్యలే. బాట్లతో పోటీ పడి గెలవగల మనిషి లేడు. కానీ నష్టపోతున్నది దళారి ఒక్కడేనా అన్నది చూడాలి. వెబ్‌సైట్ నడిచేది ఇంగ్లీషు, హిందీల్లో. ఇంట్లో తెలుగు, బయట బెంగాలీ, హిందీ మాట్లాడే పెద్దావిడ ఇన్నాళ్లూ వీధి చివర నెట్ సెంటర్ కుర్రాడికి యాభయ్యో వందో ఇచ్చి టికెట్ చేయించుకునేది. ఆ కుర్రాడు సొంత ఐడీతో చేసిన ఆ పని ఇప్పుడు నేరం కిందికి వస్తుంది. ఆవిడకు మిగిలింది కౌంటర్. ఊరికి అటువైపు ఐఐటీ హాస్టళ్లలో మన పిల్లలు ఆధార్ లింకు చేసిన ఐడీలతో అదే రైలుకు అదే క్షణంలో ప్రయత్నిస్తుంటారు. పోటీ సమానం కాదని వేరే చెప్పాలా?

బాట్లన్నీ పోయినా తీరని చిక్కు ఇంకొకటుంది. దాని గురించి రైల్వే పెద్దగా మాట్లాడదు. కోటా. హౌరా, శాలిమార్‌లలో బయల్దేరే దూరపు రైళ్లలో ఎక్కువ బెర్తులు మొదటి స్టేషన్ నుంచి ప్రయాణించేవాళ్ల లెక్కలో ఉంటాయి. ఖరగ్‌పూర్‌లో ఎక్కి పలాసలోనో విజయనగరంలోనో దిగేవాడు మధ్య స్టేషన్ నుంచి మధ్య స్టేషన్‌కు వెళ్లే మనిషి. సాధారణంగా అలాంటివాళ్లు చేరేది పూల్డ్ కోటా వెయిటింగ్ లిస్టులో. అది జనరల్ వెయిటింగ్ లిస్టుకన్నా చాలా నెమ్మదిగా కదులుతుంది. అందుకే తెలిసినవాళ్లు హౌరా నుంచి టికెట్ తీసి, ఎక్కే స్టేషన్‌గా ఖరగ్‌పూర్ పెట్టుకుంటారు. 115 కిలోమీటర్లకు అదనపు డబ్బు కట్టి ఎక్కని దూరం కొంటారు. తెలియనివాళ్లు వెయిటింగ్‌లో ఉండిపోతారు. శ్రీకాకుళం వెళ్లేవాళ్లకు ఇంకో తిరకాసు. ఆ పట్టణానికి రైలు లేదు, దిగాల్సింది ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో. కోరమాండల్ అక్కడ ఆగదు. ఫలక్‌నుమా, ఈస్ట్‌కోస్ట్, చెన్నై మెయిల్ లాంటి కొన్ని రైళ్ల మీదే అందరి చూపు.

ఇది రైల్వే ఊరు కదా, వాళ్లకు పాసులుంటాయి కదా అని ఎవరైనా అనొచ్చు. ఉంటాయి. 2020 ఆగస్టులో ఉద్యోగుల పాసులను హెచ్ఆర్ఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి మార్చాక, కాగితం పాసు పట్టుకుని రిజర్వేషన్ కోసం కౌంటర్‌లో నిలబడే పని తప్పింది. సర్వీసులో ఉన్నవాళ్లకు ఇది నిజంగా మేలు. రిటైరైనవాళ్లకు, పాసు హక్కు ఉన్న వితంతువులకు లాగిన్, ఓటీపీ, రికార్డులో ఉన్న పాత ఫోన్ నంబరు అడ్డం పడతాయి. పైగా పాసు ఉచిత ప్రయాణం ఇస్తుంది గానీ బెర్తు పుట్టించలేదు. (మహేంద్ర సింగ్ ధోనీ టికెట్ కలెక్టర్‌గా పనిచేసిన స్టేషన్ ఇది. ఇక్కడ రైల్వేలో చుట్టం లేని తెలుగు ఇల్లు దొరకడం కష్టం. అయినా పండగ ముందు అందరిదీ ఒకటే వెతుకులాట.)

చేయగలిగినవి లేకపోలేదు. కౌంటర్ టికెట్‌కూ బీమా అడిగి తీసుకునే వీలు పెట్టడానికి కొత్త బోగీలు అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి చాలు. వెయిటింగ్‌లో మిగిలిపోయిన ఈ-టికెట్ రద్దయ్యేలోపు, అదే రైలుకు జనరల్ టికెట్‌గా మార్చుకుంటారా అని ప్రయాణికుడిని అడగొచ్చు. రెండు రకాల టికెట్లూ ఒకే యాప్‌లోకి వచ్చేశాయి కాబట్టి సాంకేతికంగా అడ్డేమీ కనిపించదు. 2025 జులై నుంచి చార్టును 4 గంటలకు బదులు 8 గంటల ముందే తయారుచేయడం మొదలైంది గనుక ఆ మాట అడగడానికి వ్యవధి కూడా ఉంది. కోటా సంగతి కొంచెం కష్టం. సంక్రాంతి, దసరా రోజుల్లోనైనా ఖరగ్‌పూర్ నుంచి ఉత్తరాంధ్రకు ఎన్ని దరఖాస్తులు వెయిటింగ్‌లో ముగిశాయో రైల్వే దగ్గర లెక్క ఉంటుంది. గార్డెన్‌రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయాన్ని ఆంధ్రప్రదేశ్ ఎంపీలు అడగాల్సింది ముందుగా ఆ లెక్కే.